పాయింటుకు రూపాయా, రెండు పైసలా? (పచ్చళ్ళ ఆన్‌లైన్ కొట్టు)

చిల్లరకొట్టు: వూకామర్స్‌లో (ఆన్‌లైన్ కొట్టు నడిపే సాఫ్ట్‌వేర్) పచ్చళ్ళు, పొడులు అమ్మే చిన్న కొట్టు. సగటు ఆర్డరు 800. కొన్నవాళ్ళకు మళ్ళీ కొన్నప్పుడు వాడుకునేలా 5 శాతం పాయింట్లుగా ఇద్దామని ఆలోచన: 100 రూపాయలకు 5 పాయింట్లు, పాయింటుకు రూపాయి. ఈ రేటు నిలుస్తుందా?

లెక్కలపద్దు: నిలవదు. ఇలాంటి కొట్టుకు 800లో ఇంచుమించు సరుకు 440, సీసా ప్యాకింగు 60, కొరియర్ 90, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సేవ) రుసుము 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 19. మిగిలేది 191. అందులో 40 పాయింట్లకే పోతే ఐదో వంతు పోయినట్టు. మిగులులో పదో వంతు దాటనివ్వకండి. 800కి 16, అంటే 2 శాతం.

రోటిపచ్చడి: 40 పాయింట్లకు 40 ఖర్చు ఎలా అవుతుందండీ? ఇచ్చేది సరుకే కదా. మీ లెక్క ప్రకారమే సరుకు ఖరీదు 55 శాతం, కొట్టుకు పడేది 22.

లెక్కలపద్దు: పాయింట్లు లేకపోతే ఆ మనిషి కొనడు అనుకుంటేనే 22. ఎలాగూ కొనేవాడైతే చేతికి రావలసిన 40 పోయింది. పచ్చడి రుచి నచ్చి వచ్చేవాళ్ళే ఎక్కువ. 40 అనే రాసుకోండి.

పార్సిల్‌బండి: రేటు కంటే ముందు పాయింట్లు ఎప్పుడు జమవుతాయో చూడండి. ఆర్డరు పెట్టగానే జమైతే, క్యాష్ ఆన్ డెలివరీ పార్సిల్ తిరిగొచ్చేలోపు వాడేసుకుంటారు. సరుకు చేరాకే జమ చేయండి. కొరియర్ ఛార్జీ మీదా, పాయింట్లతో కట్టిన మొత్తం మీదా పాయింట్లు వద్దు. వాడిన పాయింట్లను బిల్లులోనే డిస్కౌంటుగా చూపించండి, జీఎస్టీ ఆ మేరకు తగ్గుతుంది.

గోంగూర_కట్ట: పాయింటుకు రూపాయి అనొద్దు. 2 శాతం లెక్కన 49 రూపాయల పొడి ప్యాకెట్‌కు 0.98 పాయింటు. కిందికి సవరిస్తే సున్నా. పైకి సవరిస్తే 51 రూపాయల వస్తువుకు 2, దాదాపు 4 శాతం! రూపాయికి 1 పాయింటు ఇచ్చి, 50 పాయింట్లకు రూపాయి అనండి.

రోటిపచ్చడి: 800 పాయింట్లని చూపించి చెక్‌అవుట్‌లో 16 తగ్గిస్తే జనానికి ఒళ్ళు మండదా?

గోంగూర_కట్ట: పాయింట్ల పక్కనే రూపాయలు కూడా చూపించండి.

రోటిపచ్చడి: 100 రూపాయల పాయింట్లు చేరితేనే వాడాలి, గడువు ఏడాది అనే కొట్లున్నాయి. నా పాయింట్లు ఒకచోట అలాగే పోయాయి. 16 చొప్పున 100 చేరాలంటే 7 ఆర్డర్లు. పచ్చళ్ళు ఏడాదికి రెండు మూడు సార్లే కొంటారు. ఇక చేరేదెప్పుడు? ఇది ఇవ్వడం కాదు, ఇచ్చినట్టు నటించడం.

లెక్కలపద్దు: గడువే లేకపోతే బరువు పెరుగుతూనే ఉంటుంది. ఆవకాయ ఏడాదికోసారి కొంటారు కాబట్టి చివరి కొనుగోలు నుంచి 14 నెలలు పెట్టండి. కనీసం 20 రూపాయల పాయింట్లు చేరితే వాడుకోనివ్వండి, ఒక బిల్లులో 20 శాతం మించకుండా. అప్పటికీ నూనె ధర పెరిగి గిట్టకపోతే, 50 బదులు 100 పాయింట్లకు రూపాయి అని సెట్టింగ్ మార్చేయండి.

రోటిపచ్చడి: అదిగో, అసలు సంగతి ఇప్పుడొచ్చింది! ఆ సెట్టింగ్ గడి మారిస్తే ఇకమీద ఇచ్చేవే కాదు, ఇప్పటికే జమైనవన్నీ రాత్రికి రాత్రి సగమవుతాయి. 60,000 పాయింట్లుంటే 1,200 రూపాయల బాకీ 600 అవుతుంది. అది జనం డబ్బు.

లెక్కలపద్దు: బాకీ కాదు. ఎవరూ డబ్బు కట్టి పాయింట్లు కొనలేదు. కొట్టు తనంతట తాను ఇచ్చే తగ్గింపు.

రోటిపచ్చడి: "16 వెనక్కొస్తుంది" అని చూపించి 800 కట్టించుకున్నాక తగ్గింపు ఎలా అవుతుంది? మీరు మొదటి నుంచీ ఖర్చుగా చూస్తున్నారు, నేను అప్పుగా చూస్తున్నాను. అందుకే ఏ అంకె దగ్గరా మనకు కుదరడం లేదు.

పార్సిల్‌బండి: సెట్టింగ్స్‌లో పాయింట్లు ఇచ్చే రేటుకొకటి, వాడుకునే రేటుకొకటి, రెండు గడులున్నాయి కదా. గిట్టనప్పుడు ఇచ్చే రేటు తగ్గించండి, రూపాయికి అర పాయింటు. వాడుకునే రేటు ముట్టుకోకండి. పాతవి చెక్కుచెదరవు.

లెక్కలపద్దు: పాతవి తీరేదాకా పాత రేటు మోయాలి. చిన్న కొట్టుకు అదీ బరువే.

రోటిపచ్చడి: 1,200 మోయలేని కొట్టు పాయింట్ల జోలికే పోకూడదు.

చిల్లరకొట్టు: 2 శాతమే పెడతాను. 50 పాయింట్లకు రూపాయి, 14 నెలలు, కనీసం 20. జమైనవాటి విలువ తగ్గించనని షరతుల్లో రాస్తాను. రెండు సీసాల్లో ఒకటి పగిలి డబ్బు వెనక్కిస్తే పాయింట్లు?

పార్సిల్‌బండి: వెనక్కిచ్చిన సొమ్ము మేరకే తీసేయాలి. పాక్షిక రిఫండ్‌కు మీ పాయింట్ల ప్లగిన్ (వూకామర్స్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాం) ఏం చేస్తుందో టెస్ట్ ఆర్డరు పెట్టి చూసుకున్నాకే మొదలుపెట్టండి.