అప్‌డేట్: నాష్కెల్ గని దాటేశాను!

పోయిన వారం అడిగింది నేనే, 1998 నాటి కంప్యూటర్ గేమ్ బాల్డర్స్ గేట్‌లో నాష్కెల్ గని అడుగున ఉండే విలన్ ములాహే దగ్గర మా జట్టంతా చచ్చిపోతోంది, ఏం చేయాలి అని. శత్రువులను నిద్రపుచ్చే స్లీప్ మంత్రం వాడమన్న అన్నకు చాలా థ్యాంక్స్. నిన్న మా అనంతపురంలో ఎండకు బయటికి పోలేక మళ్లీ మొదలుపెట్టాను. ములాహే కాళ్లబేరానికి వచ్చినట్టే వచ్చి కోబోల్డులనే చిన్న రాక్షసులను, అస్థిపంజరాలను పిలుస్తాడు కదా, కోబోల్డులు స్లీప్ పడగానే కుప్పకూలాయి, అస్థిపంజరాలకు మాత్రం అది పనిచేయదు, వాటిని గదతో కొట్టాల్సిందే, బాణాలు దండగ. మా జట్టులోని ఇమోయెన్ బతికింది! కథలో ఇనుము ఎందుకు పెళుసుబారుతోందో ములాహే దగ్గర దొరికిన ఉత్తరాలు చదివాక అర్థమైంది, కథ ఎంత బాగా అల్లారో. కరెంటు పోయేలోపు సేవ్ చేసుకున్నాను. ఇప్పుడు బెరెగోస్ట్ ఊరికి పోతున్నా, అక్కడ ఆ ఉత్తరాల్లో పేరున్న ట్రాన్‌జిగ్‌ను వెతకాలి.