చవక బోర్డుకి కంపెనీ ఇమేజా, మెయిన్‌లైన్ కెర్నలా?

#1
ఆల్‌విన్నర్ హెచ్3 చిప్ ఉన్న చిన్న బోర్డు ఒకటి చేతికొచ్చింది, 512 ఎంబీ ర్యామ్. ఇంట్లో ఫైల్ సర్వర్‌గా పెట్టుకుందామని నా ఆలోచన. బోర్డు తయారీదారు ఇచ్చిన ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఉన్న ఫైల్) మెమరీ కార్డు మీద రాస్తే మొదటిసారికే బూట్ అయింది, కానీ కెర్నల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) చూస్తే 3.4 వెర్షన్. సరే, మెయిన్‌లైన్ కెర్నల్‌తో, అంటే కంపెనీ మార్చినది కాకుండా అసలు లైనక్స్ ప్రాజెక్టు విడుదల చేసే దానితో, డెబియన్ అనే లైనక్స్ వేద్దామని కూర్చుంటే రెండు రోజులుగా నల్లటి స్క్రీన్ తప్ప ఏమీ కనిపించడం లేదు. ఇంత కష్టం అవసరమా, లేక ఉన్నదాంతో సరిపెట్టుకోవచ్చా?

#2
సరిపెట్టుకోండి. ఆ ఇమేజ్ ఆ చిప్ కోసమే చేసింది, అందులో వీడియో, కెమెరా అన్నీ పనిచేస్తాయి. మెయిన్‌లైన్‌లో ఏది పనిచేస్తుందో, ఏది చేయదో మీరే ఒక్కొక్కటీ వెతుక్కోవాలి. రౌటర్ వెనక ఓ మూల పడి ఉండే పెట్టెకి కెర్నల్ వయసుతో పనేంటి? అంత పట్టింపు ఉంటే రాస్‌ప్బెర్రీ పై బోర్డు కొనుక్కుంటే సరి.

#3
రౌటర్ వెనక ఉంది కదా అన్న మాటని నేను అస్సలు ఒప్పుకోను. 3.4 అనేది 2012 మే నెలలో వచ్చిన కెర్నల్, దానికి సెక్యూరిటీ దిద్దుబాట్లు ఆగిపోయి ఎన్నో ఏళ్లయింది. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. హెచ్3కి ఆల్‌విన్నర్ ఇచ్చిన ఆ 3.4 కెర్నల్‌లోనే డీబగ్గింగ్ కోసం పెట్టి మర్చిపోయిన ఒక దొడ్డిదారి 2016లో బయటపడింది. కెర్నల్ సమాచారం కనిపించే ప్రోక్ ఫోల్డర్ కింద ఉండే సన్‌క్సీ డీబగ్ ఫైల్‌లోకి 'రూట్‌మైడివైస్' అన్న ఒక్క మాట పంపితే చాలు, ఏ మామూలు ప్రోగ్రామ్‌కైనా రూట్ అధికారం, అంటే సిస్టమ్ మీద పూర్తి పెత్తనం, వచ్చేస్తుంది, పాస్‌వర్డ్ కూడా అడగదు. ఇంటిల్లిపాది ఫొటోలు, కాగితాలు దాచుకునే పెట్టెలో అలాంటిది ఉందేమో అన్న టెన్షన్ ఎందుకు పెట్టుకోవాలి?

రాస్‌ప్బెర్రీ పై మాట ఎత్తారు కాబట్టి ఇంకోటి చెప్పాలి. పై మంచి బోర్డే, కాదనను, కానీ అందులో కరెంటు ఇవ్వగానే ముందు లేచేది బ్రాడ్‌కామ్ వాళ్ల సోర్స్ బయటపెట్టని ఫర్మ్‌వేర్, లైనక్స్ వంతు ఆ తర్వాతే. హెచ్3లో చిప్‌లోనే చెక్కేసిన చిన్న బూట్ రామ్ (మొట్టమొదట నడిచే కోడ్) దాటాక అంతా యూ-బూట్ అనే ఓపెన్ సోర్స్ బూట్ ప్రోగ్రామ్‌దే, ర్యామ్‌ని సిద్ధం చేసే కోడ్‌తో సహా. ఆ కోడ్‌ని ఆల్‌విన్నర్ చిప్‌ల మీద పనిచేసే సన్‌క్సీ కమ్యూనిటీ వాళ్లు సరైన డాక్యుమెంట్లు లేకుండానే తవ్వి తీశారు. ఓపెన్ సోర్స్ అన్నది మీకు ముఖ్యమైతే, ఈ ఒక్క విషయంలో మీ చవక బోర్డే ముందుంది. అంత శ్రమపడి కట్టిన దారి పక్కనే ఉండగా 3.4 దగ్గర ఆగిపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

#4 (#2 రాసింది నేనే)
దొడ్డిదారి సంగతి నిజమే, కానీ దాన్ని తీసేసిన ఇమేజ్‌లు తర్వాత వచ్చాయి కదా. నా బాధ వేరు. ఈ చిప్‌లో ఉన్న మాలీ-400 గ్రాఫిక్స్‌కి లిమా అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ మెయిన్‌లైన్‌లోకి రావడానికి 2019 దాకా, అంటే కెర్నల్ 5.2 దాకా ఆగాల్సి వచ్చింది. వీడియో డీకోడింగ్ డ్రైవర్ కోసం 2018లో బూట్‌లిన్ అనే కంపెనీ వాళ్లు జనం దగ్గర చందాలు పోగు చేసి పని మొదలుపెట్టారు. అన్నేళ్లు ఆ బోర్డు మీద సినిమా చూడాలనుకున్నవాళ్లు ఏం చేయాలి? కంపెనీ ఇమేజే దిక్కు.

#5
#1 గారూ, వాదన సంగతి వాళ్లు చూసుకుంటారు, ముందు మీ నల్ల స్క్రీన్ చూద్దాం. హెచ్‌డీఎంఐలో ఏమీ రాకపోతే బోర్డు లేవలేదని అనుకోకండి. 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబుల్ ఒకటి తెచ్చి బోర్డు మీది మూడు పిన్నులకి పెట్టండి: గ్రౌండ్‌కి గ్రౌండ్, టీఎక్స్‌ని (పంపేది) ఆర్‌ఎక్స్‌కి (అందుకునేది), ఆర్‌ఎక్స్‌ని టీఎక్స్‌కి. కేబుల్‌లో ఇంకో వైరు కరెంటుది, దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. స్పీడు 115200. అక్కడ ఒక్క అక్షరం కూడా రాకపోతే యూ-బూట్ సరైన చోట లేదన్నమాట. మామూలుగా కార్డు మొదలు నుంచి 8 కేబీ దగ్గర పెడతారు దాన్ని. కార్డుకి జీపీటీ పార్టిషన్ టేబుల్ (కార్డులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) పెట్టారా? పెడితే ఆ టేబుల్ కూడా ఆ 8 కేబీ చోటు మీదే కూర్చుంటుంది, రెండిట్లో ఒకటి పాడవుతుంది. పాత ఎంబీఆర్ రకం టేబుల్ పెట్టుకోండి, గొడవ ఉండదు. అక్షరాలొచ్చి 'స్టార్టింగ్ కెర్నల్' దగ్గర ఆగితే డివైస్ ట్రీ ఫైల్‌ని (బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నల్‌కి చెప్పేది), కన్సోల్ సెట్టింగ్‌ని (మెసేజ్‌లు ఎక్కడికి రావాలో చెప్పేది) అనుమానించండి.

#1
కేబుల్ దొరికింది, పెట్టి చూశాను. నమ్మండి, లాగిన్ ప్రాంప్ట్ దాకా వచ్చేసి కూర్చుంది! 'మెషీన్ మోడల్' అన్న లైన్‌లో వేరే బోర్డు పేరుంది. దాదాపు ఇదే చిప్‌తో హెచ్‌డీఎంఐ లేకుండా వచ్చే బోర్డు ఇమేజ్ దించుకున్నాను, అందుకే దాని డివైస్ ట్రీలో హెచ్‌డీఎంఐ ఆన్ చేసి లేదు. నెట్‌వర్క్ వైరు కూడా పెట్టకపోవడంతో బోర్డు లేచే ఉందని తెలుసుకునే దారే లేకపోయింది. నా బోర్డుకి సరైన ఇమేజ్ వేశాక స్క్రీన్ వచ్చింది, ఫైళ్లు పంచిపెట్టే సాంబా సర్వర్ కూడా నడుస్తోంది. 3.4 ఉన్న కార్డుని చెరిపేశాను.

#4
మంచిది. ఫైల్ సర్వర్ వరకు #3 గారి మాటే సరి, ఒప్పుకుంటున్నా. కెమెరా పెట్టాల్సిన బోర్డు అయితే మాత్రం నేను ఇప్పటికీ ముందు కంపెనీ ఇమేజే వేస్తాను, నెట్‌వర్క్ వైరు తీసేసి.