ఆవులు అమ్మిన డబ్బు ముందు ఎవరికి? బ్యాంకు, దాణా షాపు, ఫైనాన్స్ ముగ్గురూ పట్టుకున్నారు

మారతహళ్ళి బావమరిది:
అందరికీ నమస్కారం. మా బావ దొడ్డబళ్ళాపుర దగ్గర షెడ్డు వేసి నాలుగేళ్ళు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్, నలుపు తెలుపు మచ్చల పాల జాతి) ఆవులతో డైరీ నడిపాడు, బ్యాంకు లోనుకి నేనే షూరిటీ. దాణా రేట్లు, పొదుగువాపు, నిలవని పనివాళ్ళు, ఇంక లాగలేక పోయిన నెల 14 ఆవుల్ని చింతామణి వైపు పార్టీకి గుత్తగా 9 లక్షల 10 వేలకి ఇచ్చేశాడు. 2 లక్షలు చేతికొచ్చాయి, మిగతా 7.10 లక్షలు పార్టీ దగ్గరే ఆగాయి.

బ్యాంకుకి ఇంకా 11 లక్షలు బాకీ, ఆవులు హైపోథికేషన్‌లో (అంటే మన దగ్గరే ఉంటూ బ్యాంకుకి తాకట్టులో) ఉన్నాయి. దాణా షాపాయనకి 3.80 లక్షలు, ఆయన కేసు వేసి ఆ డబ్బు బావకి ఇవ్వొద్దని కోర్టు ఆర్డరు తెచ్చాడు. మూడోవాడు ఫైనాన్స్. 4 లక్షలకి ప్రోనోటు, దానితోపాటు స్టాంపు పేపరు మీద 'ఫారం ఆవులు హామీ' అని రాయించుకున్నాడు, ఏడాదిన్నర క్రితం. వాడి డబ్బుతోనే 4 ఆవులు కొన్నాం. మనుషుల్ని ఇంటికి పంపిస్తున్నాడు, అక్కకి ఒకటే టెన్షన్. బావ ముందు వాడికి కట్టేద్దాం అంటున్నాడు. ఏం చెయ్యాలి?

హోస్కోటె దాణా:
నాదీ దాణా షాపే బాబూ, మీ బావలాంటోళ్ళు నా ఖాతా పుస్తకంలో పదిమంది ఉన్నారు. న్యాయంగా చూస్తే ఆవు తిన్నది మా దాణా, పాలు వచ్చింది మా దాణాతో. కానీ చట్టం అలా చూడదు, మూట దించేశాక మన పట్టు పోయినట్టే, మేం మామూలు అప్పులోళ్ళమే. ఆయనకి కట్టనంటే మాత్రం పాపం.

పాత బ్యాంకు మనిషి:
ముగ్గురిలో ఎవరు ముందు అని కాదు, ఏ ఆవు డబ్బు ఎవరిది అని అడగండి. హైపోథికేషన్ డీడ్ తియ్యండి, వెనక షెడ్యూల్లో చెవి ట్యాగు నంబర్లు ఉంటాయి. అమ్మిన 14 ట్యాగుల్నీ దాంతో సరిచూడండి. మధ్యలో ఏవైనా చచ్చిపోయి ఇన్సూరెన్స్ డబ్బుతో వేరేవి కొన్నారా? వాటికి కొత్త ట్యాగులు పడతాయి, బ్యాంకు లిస్టులో ఎవరూ ఎక్కించరు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. ఇంకో మాట, గుత్తగా అమ్మడం పెద్ద తప్పు. తొలిచూలు ఆవూ వట్టిపోయిన ఆవూ ఒకటే రేటు కాదుగా. ఆవుకి ఇంత అని కొన్న పార్టీ చేత ఇప్పుడైనా రాయించండి, లేకపోతే ఫైనాన్స్ వాడు ఖరీదైనవన్నీ నావే అంటాడు.

మారతహళ్ళి బావమరిది:
సరిచూశాం సర్. 8 లిస్టులో ఉన్నాయి. 2 మీరన్నట్టే ఇన్సూరెన్స్ డబ్బుతో కొన్నవి. 4 ఫైనాన్స్ డబ్బువి. ఆవుల్ని కోర్టు ముట్టుకోకూడదని ఎవరో అన్నారు, నిజమా?

సివిల్ కోర్టు గుమాస్తా:
సగం నిజం. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 60లో రైతు బతుకుతెరువుకి అవసరమైన పశువుల్ని జప్తు చెయ్యకూడదని ఉంది. కానీ మీరే తాకట్టు రాసిచ్చిన వాటికి అది అడ్డు చెప్పుకోలేరు, పైగా ఇప్పుడు ఉన్నది ఆవులు కాదు, డబ్బు.

దాణా ఆయన ఆర్డరు తీర్పుకి ముందు జప్తు కదా, ఆర్డర్ 38 రూల్ 10 చూడండి, అంతకుముందే ఉన్న మూడోవాళ్ళ హక్కుల్ని అది చెరపదు. కాబట్టి బ్యాంకు హక్కు నిలుస్తుంది. అలాగని పార్టీ నేరుగా బ్యాంకులో కట్టేస్తే ఇరుక్కుంటాడు, బ్యాంకే ఆ కోర్టులో క్లెయిం పెట్టాలి. బ్యాంకు ఈ తాకట్టుని సెర్సాయ్‌లో, అంటే తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీలో, నమోదు చేసి ఉంటే ఇంకా గట్టిది, సర్ఫేసీ చట్టంలో (తాకట్టు మీదిచ్చిన అప్పుల్ని బ్యాంకులు వసూలు చేసుకునే చట్టం) సెక్షన్ 26ఇ ప్రకారం మిగతా అప్పులకంటే ముందు, అది 2020 జనవరి 24 నుంచి అమల్లో ఉంది. ఫీజు కట్టి ఎవరైనా వెతుక్కోవచ్చు.

ఫైనాన్స్ వాడి డబ్బుతో కొన్నంత మాత్రాన ఆవు వాడిది కాదు. ఆ 4 ఆవుల సంగతి బ్యాంకు డీడ్‌లో 'ఇకమీదట కొనే పశువులు' అన్న మాట ఉందా లేదా అన్నదాని మీదే ఆధారపడుతుంది. ఉంటే అవీ బ్యాంకువే. లేకపోతే స్టాంపు పేపరుకీ దాణా ఆయన ఆర్డరుకీ మధ్య పోటీ. వాడికి లైసెన్సు ఉందో లేదో కూడా అడగండి, కర్ణాటకలో 1961 వడ్డీ వ్యాపారుల చట్టం ఉంది, కోర్టుకెళ్తే అదీ చూస్తారు.

ఇంతకీ అమ్మడానికి బ్యాంకు అనుమతి రాతలో ఉందా?

మారతహళ్ళి బావమరిది:
మేనేజరు నోటితో సరేనన్నాడు. చేతికొచ్చిన 2 లక్షల్లో బావ లక్ష ఫైనాన్స్ వాడికి ఇచ్చేశాడని నిన్ననే తెలిసింది.

పాత బ్యాంకు మనిషి:
దేవుడా. మిగతా లక్ష ఇవాళే లోను ఖాతాలో వేయించండి, డబ్బు లోనుకే జమవ్వాలన్న షరతుతో అనుమతి లెటరు తీసుకోండి. బావ గారికి వాడి అరుపులు వినబడుతున్నాయి గానీ, బ్యాంకుకి చేరని ప్రతి రూపాయీ షూరిటీగా మీ జీతం మీదకొస్తుంది. కాంట్రాక్టు చట్టంలో సెక్షన్ 141 ఒకటుంది, బ్యాంకు తన తాకట్టుని మీ ఒప్పుకోలు లేకుండా వదిలేస్తే ఆ మేరకు మీరు బయటపడతారు. కానీ ఇక్కడ వదిలింది బ్యాంకు కాదు, మీ బావ.

మారతహళ్ళి బావమరిది:
డీడ్ కాపీ మళ్ళీ చదివాను. ఏడో పేజీలో చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఉంది, ఇకమీదట కొనేవి, వాటికి పుట్టే దూడలు, అన్నీ. బావకి ఇంకా చెప్పలేదు, రాత్రి అక్క ముందే చెప్తాను.