ఏజెన్సీ జ్వరాలకు ప్రత్యేక శిక్షణ ఎక్కడ?

ప్రశ్న (పాలకొండ, శ్రీకాకుళం ప్రాంతం):
ఎంబీబీఎస్ పూర్తిచేసిన మా అమ్మాయి సీతంపేట వైపు పీహెచ్‌సీలో పనిచేయాలనుకుంటోంది. ఉష్ణమండల వ్యాధుల్లో లోతైన శిక్షణ ఎక్కడ దొరుకుతుందో పెద్దలు తెలుపగలరు.

జవాబు 1:
రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్న మరుసటి ఏడాదే లివర్‌పూల్‌లోనూ, 1899లో లండన్‌లోనూ ఇందుకోసమే విద్యాలయాలు వెలిశాయి. మన దేశంలో బ్రిటిష్ వైద్యుడు లియొనార్డ్ రోజర్స్ చొరవతో ఏర్పడిన కలకత్తా స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్ ఉంది. ఆ చదువు తొలుత వలస పాలకుల సైన్యాన్నీ, వ్యాపారాన్నీ కాపాడుకోవడానికే పుట్టిందనుకోండి, అది వేరే చర్చ.

జవాబు 2:
పట్టా సంగతి తర్వాత, ముందు అమ్మాయిని ల్యాబ్ టెక్నీషియన్ పక్కన కూర్చుని రక్తపు స్లైడ్లు చూడమనండి. వైవాక్స్ రకం మలేరియా అయితే కాలేయంలో దాగిన పరాన్నజీవి తిరగబెట్టకుండా ప్రైమాక్విన్ సాధారణంగా 14 రోజులు వాడించాలి. జ్వరం తగ్గగానే మానేసేవారే ఎక్కువ. గర్భిణులకు ఆ మందు ఇవ్వరాదు, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవారి విషయంలో జాగ్రత్త అవసరం.

జవాబు 3:
పై సలహాకు ఒక చేర్పు. స్క్రబ్ టైఫస్‌లో (నల్లిలాంటి సూక్ష్మ పురుగు కాటుతో వచ్చే జ్వరం) కాటు పడిన చోట కట్టే నల్లని పెచ్చు చంకలోనో, గజ్జల్లోనో, చీర కుచ్చెళ్లు దోపే చోటనో ఉంటుంది, నొప్పి ఉండదు కనుక రోగి చెప్పరు. అందరిలోనూ అది కనిపించదు కూడా; అనుమానం బలంగా ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టడమే ఉత్తమం.