ముందస్తు అరెస్టులు: సాయంత్రానికి వదిలేస్తారు కదా, కోర్టుకెందుకు?

శ్రీను_నల్లకుంట
మా నాన్న రిటైర్డ్ లెక్చరర్, పెన్షనర్ల సంఘంలో తిరుగుతుంటారు. పోయిన నెల సంఘం వాళ్లు ‘ఛలో’ పిలుపు ఇచ్చారు. ఆ రోజు పొద్దున ఐదున్నరకి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి, కుర్చీలు అడిగి మరీ గేటు దగ్గర కూర్చున్నారు. ‘ఇవాళ బయటికి రావద్దు సార్, పైనుంచి ఆర్డర్’ అన్నారు. కాగితం చూపించమంటే లేదు. అమ్మ టీ ఇచ్చింది, తాగారు. మధ్యాహ్నం రెండింటికి లేచి ‘వెళ్లొస్తాం సార్’ అని వెళ్లిపోయారు. నాన్న బీపీ మాత్రలు కూడా నేనే తెచ్చిపెట్టాల్సి వచ్చింది.

ఇప్పుడాయన హైకోర్టులో కేసు వేస్తానంటున్నారు. సంఘం అధ్యక్షుడేమో ‘ఎనిమిది గంటల ముచ్చటకి కోర్టేంటి, నవ్వుతారు’ అంటున్నాడు. మీరేమంటారు?

ఎర్రబస్సు
అధ్యక్షుడు చెప్పిందే కరెక్టు బ్రదర్. నీ పిటిషన్ బెంచి మీదకి వచ్చేసరికి మీ నాన్న ఇంట్లో టీవీ చూస్తుంటారు. ప్రభుత్వ లాయర్ లేచి ‘పిటిషనర్ స్వేచ్ఛగానే ఉన్నారు మై లార్డ్’ అంటాడు, కొట్టేస్తారు. నిన్న జనాన్ని కట్టడి చేసిన వాళ్లు అధికారం పోగానే ‘ప్రజాస్వామ్యం ఖూనీ’ అంటారు, ఇవాళ గెలిచిన వాళ్లు అదే అరెస్టుల లిస్టు పట్టుకుని తిరుగుతారు. 2017లో హైదరాబాద్ ఇందిరా పార్క్ దగ్గర ధర్నా చౌక్ ఎత్తేసిన టీఆర్ఎస్ పార్టీయే 2021 నవంబర్‌లో వడ్ల కొనుగోలు కోసం అదే చౌక్‌లో మహాధర్నా చేసింది. సాక్షాత్తూ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆరే వచ్చి కూర్చున్నాడు. ఇందులో కోర్టు పీకిందేముంది?

నల్లకోటు
అన్నా, మధ్యలో ఒక మెట్టు వదిలేశావు. కొందరు హైకోర్టుకి వెళ్లారు కాబట్టే 2018లో అక్కడ ధర్నాలకు మళ్లీ దారి తెరుచుకుంది. ఆ కేసు వేసిన వాళ్లలో అధికార పార్టీ వాళ్లెవరూ లేరు. మూసిన వాళ్లు కూర్చోవడానికి కూడా చోటు మిగిల్చింది వాళ్ల మీద వేసిన కేసే.

శ్రీను గారూ, ‘వదిలేశాక కేసు నిలబడదు’ అనే మాట నేను రోజూ వింటాను. అది సగమే నిజం. హెబియస్ కార్పస్, అంటే పట్టుకున్న మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్ వేస్తే, మనిషి బయటికొచ్చాక అందులో మిగిలేది తక్కువ. కానీ 1985 నాటి భీమ్ సింగ్ కేసు చూడండి. జమ్మూ కశ్మీర్ ఎమ్మెల్యే. అసెంబ్లీ సమావేశానికి శ్రీనగర్ వెళ్తుంటే సెప్టెంబర్ 10 తెల్లవారుజామున దారిలోనే పట్టుకున్నారు. సమావేశం మర్నాడు. భార్య సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆయన 16నే బెయిల్ మీద బయటికొచ్చేశాడు. అయినా కోర్టు ఫైలు మూసేయలేదు. అసెంబ్లీకి పోకుండా ఆపడానికే పట్టుకున్నారని తేల్చి 50,000 రూపాయలు ఇప్పించింది. ఆ తీర్పు ఇచ్చింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి గారు. ‘ఛలో అసెంబ్లీ’ రోజున అరెస్టయిన ప్రతివాడి జేబులోనూ ఉండాల్సిన తీర్పు అది.

ఇక హౌస్ అరెస్టు. పోలీసులు తమంతట తాము మనిషిని ఇంట్లో కట్టడి చేసే అధికారం ఏ సెక్షన్‌లోనూ లేదు. 2021లో సుప్రీంకోర్టు హౌస్ అరెస్టు గురించి మాట్లాడింది నిజమే, కానీ అది కోర్టు ఆదేశించే కస్టడీ. గేటు దగ్గర కుర్చీ వేసుకోవడం ఏ సెక్షనో నాకైతే తెలీదు.

పార్కు_పక్కిల్లు
చట్టాలు బాగానే చెప్తున్నారు, మేం ఉండేది ఆ పార్కు పక్కనే. వారానికి నాలుగు రోజులు మైకులు. మా అమ్మాయికి ఇంటర్ పరీక్షలు, కిటికీలు మూసి ఫ్యాన్ ఫుల్‌లో పెట్టుకుని చదివేది. 2017 మే 15న ‘మాకు ధర్నా చౌక్ వద్దు’ అని ప్లకార్డులు పట్టుకున్న వాళ్లలో మా అపార్ట్‌మెంట్ వాళ్లూ ఉన్నారు. వెంటనే ‘మఫ్టీ పోలీసులు’ అని ముద్ర వేశారు. అందరూ మఫ్టీ వాళ్లు కాదండీ. ఢిల్లీ షహీన్‌బాగ్ ధర్నా మీద 2020లో సుప్రీంకోర్టే చెప్పింది కదా, నడిచే దారుల్ని ఎన్నాళ్లైనా ఆక్రమించుకుని కూర్చోవడం కుదరదని.

నల్లకోటు
మీ మైకు బాధ నిజమే, దాంట్లో మీతో గొడవ లేదు. ఎన్ని గంటలు, ఎంత సౌండు, ఏ చోటు అన్నది ప్రభుత్వం నియంత్రించవచ్చు. కానీ శ్రీను వాళ్ల నాన్న మైకు పట్టుకోలేదు, రోడ్డు మీద కూర్చోలేదు, అసలు గేటు దాటలేదు. మీ కేసు వేరు, ఆయన కేసు వేరు.

పార్కు_పక్కిల్లు
సరే, ఆయన విషయం ఒప్పుకుంటా. మైకుల మీద మాత్రం నా మాట నాదే.

రిటైర్డ్_ఖాకీ
ముప్పై ఏళ్లు డ్యూటీ చేశాను కాబట్టి చెప్తున్నా. ముందురోజు రాత్రి లిస్టు వస్తుంది. అందులో పేరున్నవాడు మర్నాడు అసెంబ్లీ దగ్గర కనిపించాడంటే సంజాయిషీ మెమో నాకు. సెక్షన్ ఏంటని ఎస్సైని అడిగే కానిస్టేబుల్ ఉంటాడా? ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ల మీద కోపం పెట్టుకోకండి. ఇంకో మాట. 2022 డిసెంబర్ 28న కందుకూరు రోడ్ షోలో ఎనిమిది మంది పోయారు, నాలుగు రోజులకి గుంటూరులో ముగ్గురు. ఏదైనా జరిగితే ‘పోలీసులు ఏం చేస్తున్నారు’ అనేదీ మీరే.

నల్లకోటు
సార్, ఆ తొక్కిసలాటలు చూపించే కదా 2023 జనవరి 2న జీవో నంబర్ 1 తెచ్చారు, రోడ్ల మీద సభలు, ర్యాలీలకు అనుమతుల్లేవంటూ. సీపీఐ రామకృష్ణ గారు కేసు వేశారు, పది రోజుల్లో సస్పెండ్ అయింది, మే 12న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కొట్టేసింది. జనం ఎక్కువైతే బారికేడ్లు, అంబులెన్సులు పెంచాలి గానీ మొత్తానికే వద్దంటే ఎలా? కుర్చీలోని కానిస్టేబుల్ మీద కోపం వద్దన్నారు, ఒప్పుకుంటా. కానీ లిస్టు రాసినవాడిని పట్టుకోవాలంటే ముందు ఆ కుర్చీ సంగతి కాగితం మీదకి రావాలి.

టీచరమ్మ_ప్రకాశం
నేను అంగన్‌వాడీ టీచర్‌ని. 2023 డిసెంబర్ 12 నుంచి 42 రోజులు సమ్మె చేశాం, మధ్యలో ఎస్మా, అంటే సమ్మెల్ని నిషేధించే చట్టం కూడా పెట్టారు. చివర్లో ఛలో విజయవాడ అన్నప్పుడు మా మండలం వాళ్లం పదకొండు మందిమి రాత్రి బస్టాండ్‌లో దొరికిపోయాం. ఓ కల్యాణ మండపంలో పెట్టారు. ముందురోజు పెళ్లి జరిగినట్టుంది, మూలన ఇంకా అరటి పిలకలున్నాయి. ఒక కానిస్టేబుల్ తెల్లకాగితం మీద మా పేర్లు రాసుకున్నాడు. నా ఇంటిపేరు తప్పు రాస్తే నేనే దిద్దించాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, నన్ను పట్టుకున్నట్టు రుజువు సరిగ్గా ఉండాలని నేనే తాపత్రయపడ్డాను.

మర్నాడు సాయంత్రం వదిలేశారు. ఏ కేసూ పెట్టలేదు. తర్వాత మా యూనియన్ వాళ్లు స్టేషన్‌కి వెళ్లి అడిగితే ‘మేమెవర్నీ తేలేదు, వాళ్లే వచ్చి రెస్ట్ తీసుకున్నారు’ అన్నారట. పదకొండు మంది ఆడవాళ్లం పెళ్లిపందిట్లో రెస్ట్ తీసుకున్నామట. రాత్రంతా నిద్రలేకపోవడం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఎర్రబస్సు
అమ్మా, సారీ. ఈ ‘రెస్ట్’ అనే మాట నాకు తెలీదు.

నల్లకోటు
అందుకే అంటున్నా, ఈ గొడవ గెలిచినా ఓడినా హైకోర్టులో కాదు, స్టేషన్‌లో మొదటి గంటలోనే తేలిపోతుంది. ముందస్తు అరెస్టుకి వాడే సెక్షన్ ఇప్పుడు కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 170, పాత సీఆర్‌పీసీలో 151. అది చెప్పేది ఒకటే: పోలీసు వారంట్ లేకుండా పట్టుకునే స్థాయి నేరానికి మనిషి పథకం వేస్తున్నాడని తెలియాలి, పట్టుకుంటే తప్ప అది ఆగదని అనిపించాలి. 24 గంటలు దాటకూడదు. సుప్రీంకోర్టు 2005లో ఈ సెక్షన్‌ని నిలబెట్టింది, కానీ ఈ షరతుల బలం మీదే. పీఆర్సీ (వేతన సవరణ) అడగడం నేరమా? జీతం పెంచమనడం నేరమా? అడగాల్సిన ప్రశ్న అదీ.

అరెస్టు మెమో, అంటే పట్టుకున్నట్టు రాసే కాగితం, ఉండాలని 1996లోనే డీకే బసు కేసులో చెప్పారు. టైము, సాక్షి సంతకం, బంధువుకి కబురు. ఇప్పుడది చట్టంలోనే ఉంది. రాత్రిపూట ఆడవాళ్ల అరెస్టుకి వేరే నిబంధనే ఉంది. అరెస్టు చేయలేదు అంటారా, అయితే నేను ఇంటికి పోతా అని లేచి నిలబడాలి. అడ్డుకున్నారా, అదే అరెస్టు.

మాదొక చిన్న వాట్సాప్ గ్రూపు ఉంది, లాయర్లం తొమ్మిది మందిమి. పిలుపు ఉన్న రోజు ఒక్కో స్టేషన్‌కి ఒకరు వెళ్తాం. వాదించేదేమీ ఉండదు. వెళ్లి ‘మెమో ఇవ్వండి’ అంటాం, అంతే. చాలాసార్లు మెమో ఇవ్వరు, మనుషుల్నే వదిలేస్తారు. పౌరహక్కుల లాయర్లు కన్నబిరాన్, బాలగోపాల్ గార్లు చేసిన పనితో పోలిస్తే ఇది గుమాస్తా పని. కానీ గుమాస్తా పని ఎవరూ చేయకే ‘రెస్ట్’ అనగలుగుతున్నారు.

రిటైర్డ్_ఖాకీ
అది నిజం. లాయరు గుమ్మంలో నిలబడితే మేం జనరల్ డైరీ, అంటే స్టేషన్‌లో రోజూ జరిగేది రాసే పుస్తకం, తీసేవాళ్లం. లేకపోతే తీసేవాళ్లం కాదు. శ్రీను, ఆ రోజు డైరీలో ఆ ఇద్దరి డ్యూటీ ఎక్కడ రాశారో ఆర్టీఐలో అడుగు. వాళ్లు ఎక్కడో ఒకచోట ఉన్నట్టు రాయాల్సిందే.

శ్రీను_నల్లకుంట
నాన్నకి చదివి వినిపించాను. అర్జీ ఆయనే రాస్తున్నారు. మూడు పేజీలు అయింది, మొదటి పేజీ అంతా రాజ్యాంగమే. తేదీ, టైము, మా వీధి పేరు ముందు పెట్టమని చెప్తే కోప్పడ్డారు. మా గేటు సీసీ కెమెరాలో కుర్చీలు పడ్డాయి, అది పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.

టీచరమ్మ_ప్రకాశం
లాయర్ గారూ, మా దగ్గర కెమెరాలేం ఉండవు, జిల్లాలో లాయరంటే ఫీజు భయం. ఈసారి పేర్లు రాసుకున్నప్పుడు ఆ కాగితాన్ని మేం ఫోటో తీసుకోవచ్చా?

నల్లకోటు
అడగండి. ఇవ్వకపోతే మీరే ఒక కాగితం మీద పదకొండు పేర్లు, చోటు, టైము రాసి అందరూ సంతకాలు పెట్టి, దాని ఫోటో ఇంటికి పంపండి. ఫీజు గురించి భయపడకండి, ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 చట్టంలోనే ఉంది, 15100కి ఫోన్ చేయండి. ఇంటిపేరు మాత్రం ఈసారి కూడా దిద్దించండి.