ఒడిబియ్యం అమ్మ పోయొద్దంటున్నారు, ఎవరిని ఒప్పించాలి?

హన్మకొండ తమ్ముడు:
బాపు పోయాక మా ఇంట్లో మొదటి శుభకార్యం, అక్కకు ఒడిబియ్యం, అంటే పుట్టింటోళ్లు ఆడబిడ్డ ఒడిలో బియ్యం పోసే వేడుక. బియ్యానికి పసుపు, నెయ్యి పట్టించడం, కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు సర్దడం, పని మొత్తం అమ్మదే. పోసే టైముకు మాత్రం "నువ్వు లోపలుండు వదినా, నీ కోడలు పోస్తది" అని మేనత్త ఇప్పుడే చెప్పేసింది. అమ్మ పోయకపోతే నాకసలు ఒడిబియ్యమే వద్దని అక్క ఫోన్ పెట్టేసింది. మేనత్తను విడిగా అడిగితే "నాకేం పట్టింపు లేదురా, అక్క అత్తగారోళ్లు ఏమనుకుంటరో" అంటుంది. బావనడిగితే "మాకేం లేదు, మీ పెద్దోళ్లే ఒప్పుకోరేమో" అంటున్నాడు. మరి ఆపుతున్నదెవరు?

పరకాల అక్క:
ఎవరూ కాదు తమ్ముడూ, అందరూ. పక్కవాళ్లకు పట్టింపు ఉందేమోనని ఎవరికి వాళ్లు నోరు మూసుకుంటారు, ఆ మౌనం చూసి పక్కవాళ్లు ఇంకా భయపడతారు. కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్‌లో 2022 మేలో గ్రామపంచాయతీ తీర్మానం చేసింది, భర్త పోతే గాజులు పగలగొట్టడం, బొట్టు తుడవడం, మెట్టెలు తీయడం ఇక ఉండవని. మిగతా ఊళ్లు కూడా అదే దారి పట్టాలని అదే నెలలో మహారాష్ట్ర ప్రభుత్వం సర్క్యులర్ ఇచ్చింది. కాగితంతో మనసులు మారతాయని కాదు, ఊరంతా కూర్చుని ఒక మాటనుకుంటే ఏ ఒక్కరి మీదా నింద పడదు. మీ అత్తను, బావ వాళ్లమ్మను ఒకే ఫోన్‌లో కలుపు. ఒకరి మాట ఇంకొకరు చెవులారా వినాలి.

పాతకాలపు మనిషి:
పెద్దలు ఊరికే పెట్టలేదు ఇవన్నీ. రేపు మీ అక్కకు ఏదైనా అయితే మీ అమ్మనే అంటారు, అప్పుడు ఈ ఫోరం వాళ్లెవరూ రారు.

జమ్మికుంట కోడలు:
అనేవాళ్లు అంటారు, నిజమే. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చినా, వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి పెళ్లి చేయించేసరికి 1881 డిసెంబర్ అయింది, ఆయన వెంట ఉన్నవాళ్లను వెలివేశారు కూడా. చట్టం కంటే నలుగురి నోరే గట్టిది.

కానీ మీ అమ్మను అడిగారా? మా అత్తమ్మ సద్దుల బతుకమ్మకు తంగేడు, గునుగు వరుసగా పేర్చి, పైన గౌరమ్మను మాత్రం నన్ను పెట్టమని తను వాకిట్లో నిలబడేది. నేను ఒకసారి బలవంతాన చెయ్యి పట్టుకుని గుడి దగ్గరికి తీసుకెళ్లాను. అక్కడ బొట్టు పెడుతున్న ఒకామె మా అత్తమ్మ దాకా వచ్చి, కుంకుమ భరిణె మూసి, పక్కామె దగ్గరికి పోయింది. ఆ తర్వాత అత్తమ్మ ఆట దగ్గరికి రావడమే మానేసింది. అందుకే పది మంది ముందు అమ్మను లాక్కొచ్చి పీట మీద కూర్చోబెట్టకండి. వద్దన్న మేనత్తే "రా వదినా, ముందు నువ్వు పొయ్యి" అని పిలవాలి, ఆమె పిలిచాక ఇంకెవరూ నోరెత్తరు. ఆ మాట ముందురోజే అనిపించుకోండి. అమ్మ అప్పుడు కూడా వద్దంటే వదిలేయండి, అక్కకు మీరే సర్దిచెప్పండి.