ఫుట్‌పాత్‌పై పక్కింటివారి కారు: ఏం చేయవచ్చు?

ప్రశ్న: మేము హైదరాబాదులోని ఒక కాలనీలో అద్దెకు ఉంటున్నాము. పక్కింటివారు గేటు లోపలి స్థలమంతా పూలకుండీలతో నింపి, కారును ఫుట్‌పాత్‌పైకి ఎక్కించి నిలుపుతున్నారు. చేతికర్రతో నడిచే మా అమ్మగారు పాలకు వెళ్ళాలంటే రోడ్డు మీదకు దిగవలసి వస్తోంది. అడిగితే, తమ ఇంటి ముందరి స్థలం తమదేనంటున్నారు.

జవాబు: ప్రహరీ దాటిన ఫుట్‌పాత్ ఎవరి సొంతమూ కాదు. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగు నిబంధనలు అక్కడ వాహనం నిలపడాన్ని నిషేధిస్తున్నాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, పార్కింగు నిషిద్ధమైన చోట వదిలేసిన వాహనాన్ని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అక్కడినుంచి తొలగింపజేయవచ్చు, ఆ ఖర్చు యజమానే భరించాలి. నంబరు ప్లేటు, ఫుట్‌పాత్ అంచు రెండూ కనిపించేలా ఫొటో తీసి ట్రాఫిక్ పోలీసులకు పంపండి.

మరొక జవాబు: అంతకుముందు ఒకసారి అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్ళి మాట్లాడి చూడండి. మా వీధిలో చలానా పడ్డాక కారైతే కదిలింది గాని, ఆ రెండిళ్ళ మధ్య మాటలు లేక రెండేళ్ళయింది.

ప్రశ్న అడిగినవారు: మాట్లాడాము. నాలుగు కుండీలు జరిపితే కారు లోపల పడుతుందని వారి అబ్బాయే టేపుతో కొలిచి చూపించాడు. ఆదివారం జరుపుతామన్నారు. ఫొటోలు మాత్రం తీసి ఉంచుకున్నాను.